షోటోకాన్ కరాటే పులి బ్యాడ్జి: ముందు కొట్టొద్దన్న విద్యకు పులి గుర్తేంటి?

గ్రీన్‌బెల్ట్_డౌట్లు:
డ్రెస్ మీద గుండ్రంలో పులి బొమ్మ ఉంటుంది కదా, దాని గురించి తలా ఒక కథ చెబుతున్నారు. ఒక సీనియర్ అది చైనా షావొలిన్ మఠం పులి స్టైల్ నుంచి వచ్చిందంటాడు, ఇంకొకాయన బలానికి గుర్తు, అంతే అని తేల్చేశాడు. నా డౌట్ వేరే. మన షోటోకాన్‌కి ఆద్యుడైన ఫునకోషి రాసిన ఇరవై సూత్రాల్లో రెండోదే "కరాటేలో ముందు దెబ్బ లేదు" అని. పులేమో మాటు వేసి మీదకు దూకే జంతువు. ఈ రెండింటికీ ఎలా పొసగింది?

పాతకటా:
షావొలిన్ కథ పక్కన పెట్టెయ్. ఆ బొమ్మ వేసింది కోసుగి హోఅన్ అనే చిత్రకారుడు. 1922లో ఫునకోషి ఒకినావా దీవి నుంచి టోక్యో వచ్చి కరాటే ప్రదర్శించి, ఇక ఊరెళ్లిపోదాం అనుకుంటుంటే, ఉండి మాకు నేర్పండి అని పట్టుబట్టినవాళ్లలో ఈయనొకడు. అంతకుముందే బొమ్మలు వేసుకోవడానికి ఒకినావా వెళ్లి అక్కడ కరాటే చూసొచ్చాడు. తర్వాత పుస్తకం రాయమని వెంటపడ్డాడు. జపాన్‌లో ఏ విద్యకైనా ప్రామాణిక గ్రంథాన్ని "తోరా నో మాకి" అంటారు, తోరా అంటే పులి. పులి అక్కణ్ణుంచి వచ్చింది. అంటే మొదట అది పుస్తకానికి గుర్తు, కొట్లాటకి కాదు. నువ్వడిగిన పేచీ అసలు లేదు.

జోడాన్_బ్లాక్:
పుస్తకం కోసం వేసిందే, కాదనను. కానీ అక్కడితో కొట్టిపారేస్తే ఎలా అండీ, వేసినవాడు చెయ్యి తిరిగిన చిత్రకారుడు, పైగా ఫునకోషి దగ్గర నేర్చుకోవాలని వచ్చినవాడు. బొమ్మని ఒకసారి దగ్గరగా చూడండి. ఆ పులి దూకడం లేదు, నడుస్తోంది. చుట్టూ ఉన్న వలయం కూడా కాంపస్ పెట్టి గీసినట్టు ఉండదు, ఒకచోట లావు ఒకచోట సన్నం, కుంచె ఒక్క ఊపులో తిప్పినట్టు. తోక దగ్గర కనిపించే చిన్న గీతలు కోసుగి సంతకంలోవి, కుట్టేవాళ్లు కొందరు వాటిని చారల్లో కలిపేస్తుంటారు, అది చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఇక సూత్రం సంగతి. అదే ఇరవైలో ఇంకోటి, ఎదుటివాడి కాళ్లూ చేతులూ కత్తులే అనుకో అని ఉంది. అంటే చంపగలిగే దెబ్బ ఉందని ఆయన దాచలేదు. మనం మొదట్లో నేర్చుకునే హెయాన్ కటాలు (వరస కట్టిన కదలికల సాధనలు) ఐదూ బ్లాక్‌తోనే, అంటే దెబ్బని అడ్డుకోవడంతోనే మొదలవుతాయి, కానీ ఆ బ్లాక్ తర్వాత వచ్చేదాంట్లో మెత్తదనమేమీ లేదు కదా! కుందేలు బొమ్మ పెట్టి ముందు కొట్టను అంటే ఎవరైనా నవ్వుతారు.

గ్రీన్‌బెల్ట్_డౌట్లు:
కుందేలు 😂 సరే కానీ, ఫునకోషి షోటో అనే కలం పేరుకీ పులికీ సంబంధం ఉందని ఎక్కడో చదివాను, నిజమేనా?

పాతకటా:
ఫునకోషి కుర్రాడిగా ఉన్నప్పుడు ఒకినావాలోని షూరి దగ్గర తోరావో అనే కొండ మీద తిరిగేవాడు. సన్నగా, చెట్లతో దట్టంగా, దూరం నుంచి పులి తోకలా ఉండేదట. అక్కడి పైన్ చెట్లలో గాలి చప్పుడు విని షోటో అని పెట్టుకున్నాడు. తర్వాత శిష్యులు కట్టిన డోజోకి (శిక్షణశాలకి) అదే పేరు పెట్టారు, షోటోకాన్ అని. కొండకీ బ్యాడ్జికీ లంకె మాత్రం కాకతాళీయమే అంటాను.

క్యోకుషిన్_మనిషి:
మధ్యలో దూరుతున్నా. మా క్యోకుషిన్ కరాటే వాళ్ల కాంకూ గుర్తు మీదాని కంటే నిజాయితీ అయినది అనిపిస్తుంది, ఎందుకంటే అది నేరుగా కటాలోంచే వచ్చింది. కాంకూ కటా మొదట్లో రెండు అరచేతులూ కలిపి పైకెత్తి, వేళ్ల మధ్య సందులోంచి ఆకాశం చూస్తాం కదా, ఆ భంగిమే అది. మొనలు వేళ్లు, లావు భాగాలు మణికట్లు. చుట్టూ వలయం ఆగని కదలికకి. ఖాళీ చేతులు చూపించాకే కటా మొదలవుతుంది, నీ డౌట్‌కి సూటి జవాబు మా బ్యాడ్జి మీద ఉంది చూడు.

జోడాన్_బ్లాక్:
ఆ కటా మాదే కదా గురూ! కుషాంకు అన్న పాత పేరు మార్చి కాంకూ అన్నది ఫునకోషీనే, మీ క్యోకుషిన్ పెట్టిన ఓయామా కూడా మొదట షోటోకాన్ నేర్చుకున్నవాడే. అయినా ఒకటి ఒప్పుకుంటా, గ్రేడింగ్‌లో (బెల్ట్ పరీక్షలో) తెల్లబెల్ట్ పిల్లలకి వివరించాలంటే మీ గుర్తే తేలిక, చేతులెత్తి చూపిస్తే సరిపోతుంది. మా పులి గురించి మొదలెడితే కోసుగి దగ్గరికి వచ్చేసరికే వాళ్లు గోడవైపు చూస్తుంటారు.