అప్‌డేట్: సంవత్సరం వేయకుండా కథల్లో కాలం తెలిసేదెలా? (సమస్య తీరింది)

1980ల నాటి ఆంధ్ర పల్లె జీవితం మీద నేను రాసిన కథల సంపుటిలో, సంవత్సరాలు వేయకుండా ఏ కథ ఎప్పటిదో ఎలా తెలియజేయాలని అప్పట్లో అడిగాను. సలహాలిచ్చిన అందరికీ థాంక్సండీ. పుస్తకం ప్రెస్సుకు వెళ్లింది.

పనికొచ్చింది "ఊరివాళ్లు ఏ పనికి ఎవరి దగ్గరికి వెళ్తారో చూడండి" అన్న సలహా. ఎడిటర్ గారూ అదే పట్టుకున్నారు. అడంగల్ (పొలం, పంట వివరాల రికార్డు) కోసం ఊరి భూముల లెక్కలు రాసే కరణం గారి అరుగు మీద పడిగాపులు పడుతున్నారంటే 1984కి ముందే. ఆ జనవరిలో కరణాలు, మునసబుల పదవులు రద్దయ్యాయి. మండలాఫీసుకి బస్సెక్కితే 1985 గానీ, ఆ తర్వాత గానీ; తాలూకాలు పోయి మండలాలొచ్చింది అప్పుడే. కిలో రెండు రూపాయల బియ్యం మాట వస్తే 1983కి ఇవతల. మండలాలొచ్చాక కూడా పెద్దవాళ్లు తాలూకా అనే అనేవారు కదా, దాన్ని ఒక ముసలాయన పాత్రకి వాడేశాను.

ఫుట్‌నోట్లు అవసరమే పడలేదు. నా ప్రశ్న కింద కలర్ టీవీ మీద అంత చర్చ జరిగింది కానీ, 1982లో ప్రసారాలు మొదలైనా ఒక్కో ఊరికి ఒక్కో ఏడాది చేరింది, దాంతో ఏమీ తేలదు. కథల్ని సంవత్సరాల వరుసలో పేర్చలేదు.