చెన్నైలో అద్దె ఇంటి ఏసీ: రిమోట్‌తో ఆపినా అవుట్‌డోర్ ఆగట్లేదు

అందరికీ నమస్కారం. ఉద్యోగం మారి రాజమండ్రి నుంచి కొత్తగా చెన్నై వచ్చాం, పెరుంగుడిలో అద్దెకి దిగాం, తమిళం ఇంకా ముక్క రాదు. బెడ్‌రూమ్‌లో ఓనర్ పెట్టించిన ఒకటిన్నర టన్నుల స్ప్లిట్ ఏసీ ఉంది. నిన్న రాత్రి రిమోట్‌తో ఆపితే లోపల గాలి ఆగింది, లైటు ఆరింది, కానీ బాల్కనీలో అవుట్‌డోర్ మాత్రం తిరుగుతూనే ఉంది. బ్యాటరీలు మార్చినా అంతే. చివరికి స్టెబిలైజర్ దగ్గర ఆపేస్తే ఆగింది. పొద్దున ఒక మెకానిక్‌ని పిలిస్తే అలా చూసి, గ్యాస్ తగ్గింది, నింపాలి అన్నాడు. ఓనర్ కోయంబత్తూరులో ఉంటారు, ఫోన్ ఎత్తట్లేదు. నింపించేయమంటారా? ఈ ఎండల్లో చంటిపాపతో కష్టంగా ఉంది.

జవాబు, వేళచ్చేరి నుంచి:

తమ్ముడూ, గ్యాస్ నింపించకు. మిగతాదంతా తర్వాత. గ్యాస్ తగ్గితే గది చల్లబడదు, చల్లబడకపోతే అవుట్‌డోర్‌లో గ్యాస్‌ని నొక్కి తిప్పే కంప్రెసర్ కట్ అవకుండా రాత్రంతా ఆడుతుంది, అంతవరకు అతను చెప్పింది నిజమే. కానీ నువ్వు రిమోట్‌తో ఆపేశావు, లోపలి యూనిట్ ఆ మాట విని ఆగిపోయింది కూడా. ఆ తర్వాత బయటిది తిరిగిందంటే దానికీ గ్యాస్‌కీ సంబంధం లేదు, అది పూర్తిగా కరెంటు వైపు తప్పు. ఇంకో మాట, గ్యాస్ అనేది పెట్రోలులా వాడేకొద్దీ అయిపోయేది కాదు. పైపుల్లో మూసేసి ఉంటుంది, తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టు. ఎక్కడ కారుతోందో పట్టకుండా నింపేవాడిని నమ్మక్కర్లేదు. మీ పెరుంగుడి సంగతి చెప్పలేను గానీ, తిరువాన్మియూరు, బీసెంట్ నగర్ వైపు సముద్రపు గాలికి అవుట్‌డోర్ కాయిల్ (గ్యాస్ తిరిగే సన్న గొట్టాల చట్రం) తుప్పు పట్టి గ్యాస్ పోవడం నిజంగానే ఉంది, అందుకే ఇక్కడి మెకానిక్‌లకి ఏ రోగానికైనా ముందు నోట్లోంచి వచ్చేది అదే.

నీది ఇన్వర్టర్ ఏసీ, అంటే కంప్రెసర్ వేగం మార్చుకుంటూ నడిచే రకం, కాదనే అనుకుంటున్నాను (అవుట్‌డోర్ మీద స్టిక్కర్ చూడు, ఇన్వర్టర్ అయితే రాసి ఉంటుంది). మామూలు స్ప్లిట్ ఏసీల్లో ఎక్కువగా లోపలి యూనిట్ బోర్డు మీద రిలే అని చిన్న పెట్టె లాంటిది ఉంటుంది, అగ్గిపెట్టె కంటే చిన్నది. బయట కంప్రెసర్‌కి కరెంటు వదిలేదీ ఆపేదీ అదే. ఆన్ అన్నప్పుడు లోపల రెండు పట్టీలు అంటుకుంటాయి, ఆఫ్ అన్నప్పుడు విడిపోవాలి. నీ ఇంట్లో అవి అతుక్కుపోయి విడిపోవట్లేదని నా లెక్క. బోర్డు ఆఫ్ అంటోంది, రిలే వినట్లేదు.

దీన్ని నువ్వే పట్టుకోవచ్చు, ఏదీ విప్పక్కర్లేదు. రిమోట్‌తో ఏసీ ఆపు. అలా ఆఫ్‌లో ఉంచే ఎంసీబీ (ఏసీకి కరెంటు మొత్తం ఆపే స్విచ్) దించు. ఈ వరస మార్చకు, ఎందుకంటే చాలా ఏసీలకి ఆటో రీస్టార్ట్ ఉంటుంది, ఆన్‌లో ఉండగా కరెంటు తీస్తే మళ్ళీ రాగానే దానంతట అదే మొదలవుతుంది, అప్పుడు మనం చూసేది తప్పుదారి పట్టిస్తుంది. ఐదు నిమిషాలు ఆగు. కంప్రెసర్‌లో ప్రెషర్ రెండు వైపులా సమానం కావాలి, లేకపోతే అది మొరాయించి మరీ ఎక్కువ కరెంటు లాగుతుంది. తర్వాత ఎంసీబీ ఎత్తు, రిమోట్ ముట్టుకోకు. స్టెబిలైజర్ కూడా కొద్దిసేపు ఆగి కరెంటు వదులుతుంది, కాబట్టి దాని లైటు వెలిగేదాకా చూడు. ఆ వెంటనే అవుట్‌డోర్ తిరగడం మొదలుపెడితే దాదాపు ఖాయం, రిలే అతుక్కుపోయినట్టే. బోర్డు బాగుంటే రిమోట్ నొక్కకుండా బయటిది కదలదు, నొక్కినా సుమారు మూడు నిమిషాలు ఆగాకే కంప్రెసర్ ఎత్తుకుంటుంది. ఈ పరీక్ష ఒక్కసారి చేస్తే చాలు, పదే పదే ఎత్తి దించడం కంప్రెసర్‌కి మంచిది కాదు. ఇంకో జాగ్రత్త, నడుస్తుండగా ప్లగ్ పట్టుకుని లాగొద్దు, లోపల నిప్పురవ్వలు వచ్చి సాకెట్ మాడుతుంది. ఎంసీబీ ఉన్నది అందుకే.

ఇక ఎందుకు ఇంత టెన్షన్ పెడుతున్నానంటే, లోపలి గాలి ఆగి బయటి కంప్రెసర్ తిరగడం అన్నిటికంటే చెడ్డ స్థితి. లోపలి కాయిల్ మీద గాలి వీచకపోతే అది చల్లబడి మంచు కట్టేస్తుంది, ఆవిరి కావాల్సిన గ్యాస్ ద్రవంగానే వెనక్కి కంప్రెసర్‌లోకి వెళ్తుంది. కంప్రెసర్ ఆవిరిని నొక్కడానికి చేసింది, ద్రవాన్ని నొక్కడం దాని వల్ల కాదు. రాత్రంతా అలా వదిలేస్తే రిలేతో పోయేది కంప్రెసర్ దాకా వస్తుంది. మంచు కరిగాక గోడమీద నీళ్ళు కారి పక్కమీద పడటం వేరే సంబరం.

డబ్బు సంగతి కూడా చూడు. ఒకటిన్నర టన్నుల పాత ఏసీ గంటకి దాదాపు ఒకటిన్నర యూనిట్ లాగుతుంది, ఎనిమిది గంటలకి 12 యూనిట్లు. మన ఆంధ్రాలో నెలనెలా బిల్లు వస్తుంది, ఇక్కడ ఈబీ వాళ్ళు (కరెంటు ఆఫీసు వాళ్ళు) ఇళ్ళకి రెండు నెలలకోసారి రీడింగ్ తీస్తారు, కాబట్టి తప్పు జరుగుతున్న సంగతి చాలా ఆలస్యంగా తెలుస్తుంది. రెండు నెలలకి 500 యూనిట్లు దాటితే పైన వాడిన దానికి రేటు ఎక్కువ పడటమే కాదు, కింది యూనిట్లకి ఇచ్చే రాయితీ కూడా తగ్గిపోతుంది. రాత్రికి 12 చొప్పున ఒక్క ఏసీతోనే 60 రోజులకి 720 అవుతుంది, లెక్క వేసుకో. మీటర్ రీడింగ్ ఈరోజే ఫోటో తీసి పెట్టుకో.

ఓనర్‌కి ఫోన్ మీద ఫోన్ చేయకు. అవుట్‌డోర్ తిరుగుతూ, లోపలి యూనిట్ లైటు ఆరి ఉన్నది ఒకే వీడియోలో తీసి వాట్సాప్‌లో పంపు. ఏసీ ఆయనది, మామూలుగా వాడుతుండగా పోయిన భాగానికి ఖర్చు ఎవరిదో అగ్రిమెంట్‌లో ఉంటుంది చూడు. ఏదైనా విప్పించే ముందే ఆ మెసేజ్ వెళ్ళి ఉండాలి, లేకపోతే ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్స్‌లో కోస్తారు.

ఇంకో జవాబు, తాంబరం నుంచి:

పైన అన్నయ్య చెప్పింది మీ ఇంటి విషయంలో సరిపోయేలా ఉంది, నేను కాదనట్లేదు. కానీ ఈ ప్రశ్న వెతుక్కుంటూ వచ్చే వాళ్ళలో సగం మందికి ఏసీ అసలు చెడిపోయి ఉండదు, వాళ్ళ కోసం రాస్తున్నాను. ఇన్వర్టర్ ఏసీ సెట్ చేసిన చల్లదనం వచ్చాక టక్కున ఆగదు, నెమ్మదించి అలా నడుస్తూనే ఉంటుంది. పాత ఏసీకి అలవాటు పడినవాళ్ళు టక్‌మన్న చప్పుడు వినపడట్లేదు, కట్ అవట్లేదు అని కంగారు పడతారు. ఆపాక కొన్ని నిమిషాలు లోపల ఫ్యాన్ తిరిగి కాయిల్ ఆరబెట్టే సదుపాయం కూడా కొన్నింటికి ఉంటుంది, ఆటో క్లీన్ అనో ఇంకేదో పేరుతో. అది కూడా రోగం కాదు.

మా ఇంట్లో అయితే వింత జరిగింది. గది గడ్డకట్టేలా ఉన్నా ఏసీ తగ్గేది కాదు, మెకానిక్ వచ్చి ఏమీ లేదని వెళ్ళిపోయాడు. తీరా చూస్తే రిమోట్‌లో ఫాలో మీ అనే బటన్ పిల్లలు నొక్కేశారు. అది ఆన్‌లో ఉంటే గది వేడిని ఏసీ గోడ దగ్గర కాదు, రిమోట్ ఉన్న చోట కొలుస్తుంది. మా అత్తగారు రిమోట్ పడమటి కిటికీ అంచున పెట్టేవారు, సాయంత్రం ఎండకి అక్కడ మంట, పాపం ఏసీ ఆ మంట ఆర్పడానికి కొట్టుకునేది. కొన్ని కంపెనీలు దీన్నే ఐ ఫీల్ అంటాయి. ముందు అది చూసుకోండి. లోపలి యూనిట్‌లో ఫిల్టర్ వెనక సన్న వైరు చివర మిరియం గింజంత సెన్సర్ ఉంటుంది, సర్వీసుకి కడిగినప్పుడు క్లిప్పులోంచి ఊడి ఎటో పడినా, పాడై వేడి ఎక్కువ చూపినా కంప్రెసర్ కట్ అవదు. ఇక 18లో పెట్టి మే నెలలో మూడు వైపులా ఎండ తగిలే పై అంతస్తులో ఆగట్లేదంటే ఆగదండి, 18 ఎక్కడ వస్తుంది! 2020 నుంచి స్టార్ లేబుల్ ఏసీలు ఆన్ చేయగానే 24 చూపించేలా రూలు పెట్టింది ఊరికే కాదు, అక్కడే ఉంచి సీలింగ్ ఫ్యాన్ వేయండి.

ప్రశ్న అడిగినతను మళ్ళీ:

అన్నయ్యా, చెప్పినట్టే చేశాను. రిమోట్ ముట్టుకోలేదు, స్టెబిలైజర్ లైటు వెలగగానే బయటిది గుర్రుమంటూ మొదలైంది. వెంటనే దించేశాను. ఇన్వర్టర్ అని ఎక్కడా రాసి లేదు. వేరే మెకానిక్ శనివారం గానీ రాలేనంటున్నాడు, అందరూ బిజీ అట. అప్పటిదాకా ఎంసీబీనే స్విచ్‌లా వాడుకుంటూ రాత్రి నడపొచ్చా? అక్కా, మీరు చెప్పిన బటన్ మా రిమోట్‌లో లేదు, థాంక్స్.

జవాబు, వేళచ్చేరి నుంచి:

అగ్ని నక్షత్రం రోజుల్లో (ఇక్కడ నడివేసవి మంటలకి ఆ పేరు) మెకానిక్ శనివారం వస్తానన్నాడంటే అదృష్టమే. రాత్రి నిద్రపోతూ మాత్రం నడపొద్దు. కారణం చెప్తాను. కాయిల్ మరీ చల్లబడితే మంచు కట్టకుండా కంప్రెసర్‌ని ఆపే రక్షణ బోర్డులో ఉంటుంది, ఆ రక్షణ పనిచేసేది కూడా ఈ రిలే ద్వారానే. అది అతుక్కుపోయిందంటే బోర్డు ఎంత ఆపమన్నా ఆపేవాడు లేడు. పాప నిద్రపోయే ముందు గది చల్లబరచడానికి, మెలకువగా ఉండి, రిమోట్‌తో ఫ్యాన్ హైలో పెట్టి కాసేపు నడుపుకో. గాలి పల్చబడినట్టు అనిపించినా, కాయిల్ మీద తెల్లగా కనిపించినా వెంటనే ఎంసీబీ దించు. నడుస్తుండగా రిమోట్‌తో ఆపొద్దు, ముందు ఎంసీబీ దించాలి. నన్నడిగితే ఈ నాలుగు రోజులూ ఫ్యాను, తలుపుకి తడి బట్ట మేలు, కానీ చంటిపిల్ల ఉంది కాబట్టి నీ ఇష్టం.

శనివారం వచ్చినతను స్క్రూడ్రైవర్ పిడితో రిలే మీద తట్టి అయిపోయింది అంటే ఒప్పుకోకు. తడితే పట్టీలు విడిపోతాయి, నిజమే, వారంలో మళ్ళీ అతుక్కుంటాయి. మొత్తం బోర్డు మార్చాలి అన్నా వెంటనే ఊ కొట్టకు. బోర్డు వేలల్లో ఉంటుంది, రిలే వందల్లో. బోర్డు కాలి నల్లబడి ఉంటేనో, బల్లి దూరి చచ్చి తుప్పు పట్టించి ఉంటేనో మార్చక తప్పదు, మామూలుగా ఉంటే రిలే ఒక్కటే విప్పి అదే ఆంపియర్లదీ, రిలే లోపలి తీగచుట్ట (దీన్నీ కాయిల్ అనే అంటారు) వోల్టేజీ కూడా అదే ఉన్నదీ టంకం వేయొచ్చు. అతను చేయలేనంటే మౌంట్ రోడ్డు పక్కన రిచ్చీ స్ట్రీట్‌లో ఎలక్ట్రానిక్స్ సామాను అమ్మే వీధంతా ఉంది, పాత రిలే నమూనా పట్టుకెళ్ళి అడుగు.

దాంతో పాటు అవుట్‌డోర్‌లో కంప్రెసర్ కెపాసిటర్ (కంప్రెసర్ ఎత్తుకోవడానికి సాయం చేసే డబ్బా) కూడా మీటర్ పెట్టి చూడమను. రిలే ఊరికే అతుక్కోదు. కెపాసిటర్ బలహీనపడినా, వోల్టేజీ తక్కువ ఉన్నా కంప్రెసర్ ఎత్తుకోలేక ఎక్కువ కరెంటు లాగుతుంది, ఆ వేడికి పట్టీలు కరిగి అతుక్కుంటాయి. అది వదిలేసి రిలే మాత్రమే మారిస్తే కొత్తదానికీ అదే గతి. కెపాసిటర్‌ని నువ్వు మాత్రం ముట్టుకోకు, ఎంసీబీ దించాక కూడా దాంట్లో కరెంటు నిలవ ఉంటుంది.

గ్యాస్ మాట మళ్ళీ ఎత్తితే, సరే, ముందు పైపుల్లో నైట్రోజన్ ప్రెషర్ పెట్టి లీకు ఎక్కడుందో చూపించు అను. చాలామందికి కాస్త తెలుగు వస్తుంది ఇక్కడ, రాకపోతే "ఏసీ ఆఫ్ పణ్ణాలుం అవుట్‌డోర్ ఓడిట్టే ఇరుక్కు" అంటే చాలు, అర్థమైపోతుంది. బోర్డు విప్పే ముందు ఏ రంగు వైరు ఎక్కడ ఉందో ఫోటో తీయమను. తీయకపోతే నువ్వే తీయి, పాత రిలే కూడా అతని దగ్గర అడిగి ఉంచుకో, ఓనర్‌కి చూపించడానికి.