కొత్త రాతి రోలు: పచ్చడిలో ఇసుక తగులుతోంది, ఏం చేయాలి?

మధురవాడ కోడలు
అందరికీ నమస్కారం. పోయిన ఆదివారం సింహాచలం దర్శనం చేసుకుని వస్తూ రోడ్డు పక్కన అమ్ముతుంటే రాతి రోలు కొన్నాను. నల్లటిది, లోపల ఎనిమిది అంగుళాల వెడల్పు ఉంటుంది. మూడో అంతస్తుకి మోసుకొచ్చాక మా ఆయన గంటసేపు నాతో మాట్లాడలేదు, అంత బరువు. కడిగి టొమాటో పచ్చడి చేశాను. రంగు బూడిదలా తిరిగింది, పంటి కింద కరకరమని ఇసుక. మొత్తం పారబోశాను. తర్వాత రెండుసార్లు గిన్నెల సబ్బుతో తోమి, ఒకసారి బియ్యం వేసి దంచాను. ఆ పిండీ బూడిద రంగే. నాగుల చవితికి మా అత్తగారు బొబ్బిలి నుంచి వస్తున్నారు. చిమ్మిలి మిక్సీలో చేస్తే ఆవిడ ముట్టుకోరు. ఇంకా పది రోజులే ఉంది, టెన్షన్‌గా ఉంది. రోలు పాడుదా, నేను చేసేది తప్పా?

మిక్సీ పార్టీ
ముందు రోజే మిక్సీలో తిప్పేసి, తీసి రోట్లో పెట్టేయండి. మా ఇంట్లో మూడేళ్లుగా ఇదే నడుస్తోంది. ఎవరికీ తెలీదు.

పెందుర్తి పిన్ని
తెలీదని నువ్వనుకుంటున్నావు నాయనా. మిక్సీలో వేసిన చిమ్మిలి వేడెక్కి ముద్దలా జారిపోతుంది, చేత్తో పట్టుకుంటేనే తెలిసిపోతుంది.
అమ్మాయ్, ముందు ఆ సబ్బు ఆపు. రాయికి సన్నటి రంధ్రాలుంటాయి, సబ్బు వాసన అందులో దిగి కూర్చుంటుంది. తర్వాత కొబ్బరి పచ్చడి నూరితే నిమ్మకాయ సబ్బు వాసన వస్తుంది. కొబ్బరి పీచు, వేడినీళ్లు చాలు.

సీతమ్మధార
కొత్త రోలుకి ఆముదం రాసి రాత్రంతా ఉంచాలంటారు కదా?

రాళ్లాయన, గోపాలపట్నం
ఇప్పుడు వద్దు. లోపల పొడి ఉండగా నూనె రాస్తే ఆ పొడి అంటుకుపోతుంది. పైగా నూనె రాతిలో ఇంకి కొన్నాళ్లకి ముక్క వాసన కొడుతుంది.

కోడలు గారూ, నేను ఇరవై ఏళ్లు గ్రానైట్ పాలిషింగ్ పనిలో ఉన్నాను. రోలు పాడుదో కాదో తెలియాలంటే ముందు అది ఏ రాయో తెలియాలి. రెండు పరీక్షలు చేసి చెప్పండి.
ఒకటి: మేకుతో అడుగున గట్టిగా గీయండి. రాయి మీద గాడి పడితే మెత్తరాయి. పులుసు కాచుకునే రాచిప్పలు చేసే రాయి అలాంటిదే. వంటకి బంగారం, దంచడానికి పనికిరాదు. గాడి పడకుండా మేకు అరిగి వెండి గీతలా కనిపిస్తే రాయి గట్టిది. గ్రానైట్‌లో ఉండే క్వార్ట్జ్ గట్టిదనం పది మెట్ల కొలతలో 7, మామూలు ఇనప మేకుది 5 దరిదాపు.
రెండు: గీసిన చోట రాలిన పొడి మీద నిమ్మరసం చుక్క వేయండి. సన్నగా బుడగలొస్తే పాలరాయో, సిమెంటుతో పోతపోసిందో అనుకోండి. పాలరాయి సున్నపు జాతి. చింతపండు పచ్చడి నూరిన ప్రతిసారీ కొద్దికొద్దిగా కరిగి పచ్చడిలో కలుస్తుంది. షోకేసులో పెట్టుకోవడానికి బాగుంటుంది.
అన్నట్టు, ఈ పరీక్షలు రోలుకే కాదు, పొత్రానికీ చేయండి. అందరూ రోలుని చూసి కొంటారు, పొత్రాన్ని చూడరు.

మధురవాడ కోడలు
చేశాను అండి. రోలు మీద మేకు గీత వెండిలా పడింది, నిమ్మరసానికి బుడగల్లేవు. పొత్రానికీ బుడగల్లేవు గానీ, మేకుతో గీస్తే గింజలు గింజలుగా రాలింది! ఇప్పుడు వెలుతురులో చూస్తే దాని రంగే వేరు. ఇటుక ఛాయ, మధ్యలో ఎర్రటి చుక్కలు మెరుస్తున్నాయి. ఇన్నాళ్లూ నల్లగా కనిపించింది రంగు వేయడం వల్లనేమో.

రాళ్లాయన, గోపాలపట్నం
దొరికింది దొంగ. వర్ణన చూస్తే అది కొండలైట్. మన కైలాసగిరి, రుషికొండ అన్నీ ఆ జాతి రాళ్లే. తూర్పు కనుమల్లోని ఖోండు తెగవాళ్ల పేరే ఆ రాతికి పెట్టారు. ఎర్ర చుక్కలు గార్నెట్ గింజలు. విడిగా ఒక్కో గింజ చాలా గట్టిది, కానీ ఎండకి వానకి నానిన రాయి ఆ గింజల్ని పట్టి ఉంచలేదు. కోణార్క గుడి ఎక్కువగా ఈ రాతితోనే కట్టారు, అక్కడి శిల్పాలు ఎంత అరిగిపోయాయో చూసినవాళ్లకి తెలుసు. గార్నెట్ పొడిని కాగితం మీద అంటించి చెక్క నున్నచేయడానికి వాడతారు. మీరు దాన్ని టొమాటో పచ్చడిలో వేసుకున్నారు.

రోలు మంచిది, ఉంచుకోండి. పొత్రం మార్చండి. కొత్తది నల్లరాయి అయి ఉండాలి, రోలుకి తాకిస్తే ఖంగున మోగాలి, బొద్దుగా మోగకూడదు. పట్టుకుంటే పిడికిలి నిండాలి, అడుగు రోలు గుంటకి సరిపడా గుండ్రంగా ఉండాలి. అడుగు చిన్నదైతే ఎంత దంచినా చుట్టూ మెతుకులు మిగిలిపోతాయి.

ఇక రోలు తయారు చేయడం. ఉలి దెబ్బలకి పుట్టిన పొడి గుంటల్లో ఇరుక్కుని ఉంటుంది. పొడి బియ్యంతో ఒక్కసారి దంచితే అది పోదు. మొదట పీచుతో, నీళ్లతో తోమి పూర్తిగా ఆరబెట్టండి. తర్వాత గుప్పెడు బియ్యం గంటసేపు నానబెట్టి, నీళ్లు వంపి రోట్లో వేయండి. దంచడం తక్కువ, గోడలకి అదిమి గుండ్రంగా నూరడం ఎక్కువ ఉండాలి. ఆ తడిపిండి గుంటల్లోకి దిగి పొడిని బయటికి లాగుతుంది. అంచు వరకూ నూరాలి, పచ్చడి అంచు దాకా ఎగబాకుతుంది కాబట్టి. కడిగేసి మళ్లీ కొత్త బియ్యం. పిండి తెల్లగా వచ్చేదాకా ఇదే పని, నాలుగుసార్లు పట్టొచ్చు, ఆరూ పట్టొచ్చు. చివర్లో కల్లుప్పు, వెల్లుల్లి, జీలకర్ర, రెండు మిరపకాయలు వేసి ఒకసారి నూరి అదీ పారేయండి. అక్కడితో రాతి వాసన పోతుంది.

కంచరపాలెం కుర్రాడు
రోలు మరీ నున్నగా అయిపోతే? మా నాయనమ్మది అద్దంలా ఉంది, మిరపకాయ జారిపోతోంది.

రాళ్లాయన, గోపాలపట్నం
గాట్లు కొట్టించాలి. ఇదివరకు ఉలి, సుత్తి పట్టుకుని వీధుల్లో కేకలేస్తూ వచ్చేవాళ్లు. ఇప్పుడు రోళ్లు అమ్మే చోటే అడగాలి. కొట్టించాక మళ్లీ బియ్యం కథ మొదటి నుంచీ.

పెందుర్తి పిన్ని
రాయి సంగతి ఆయన చెప్పారు, ఇక వంట సంగతి నేను చెబుతాను. మీ తరం పిల్లలు అన్నీ ఒకేసారి రోట్లో పడేసి బాదుతారు. దంచడం వేరు, నూరడం వేరు, రుబ్బడం వేరు. తిరగలిలో అయితే విసరడం. పసుపూ కారమూ అయితే కొట్టడం. ఇన్ని మాటలు ఊరికే పుట్టలేదు, ఒక్కో పనికి చెయ్యి ఒక్కోలా ఆడుతుంది.

పచ్చడికి వరస ఇది: ముందు వేయించిన మిరపకాయలు, కల్లుప్పు. ఉప్పు పలుకులే మిరపకాయని కోస్తాయి. అవి మెదిగాక పప్పులు, తర్వాత చింతపండు, ఆ తర్వాతే వంకాయో టొమాటోనో. ఉల్లిపాయ ఆఖర్న, రెండు పోట్లు మాత్రమే, నలగాలి గానీ నీరు కారకూడదు. నీళ్లున్నది ముందు వేస్తే మిరపకాయ తేలిపోతుంది, కంట్లోకి చిందుతుంది.

చిమ్మిలికి నువ్వులు కడిగి బాగా ఆరబెట్టు. చవితినాడు పొయ్యి మీద పెట్టినవి పుట్టకి పెట్టం కాబట్టి వేయించవద్దు. గ్లాసు నువ్వులకి ముప్పావు గ్లాసు అనకాపల్లి బెల్లం తురుము. నువ్వులు విడిగా దంచి, చెయ్యి పెడితే నూనె తగిలే దశ వచ్చాకే బెల్లం వెయ్యాలి. ముందే వేస్తే బెల్లం జిగురుకి నువ్వు తప్పించుకుంటుంది, నలగదు. రోట్లో ఒక్క చుక్క తడి ఉండకూడదు.

రోలు విలువ నిజంగా తెలిసేది ఆవ దగ్గర. పనసపొట్టు కూరకి ఆవాలు, ఎండుమిరపకాయ, ఉప్పు కొంచెం నీళ్లు చిలకరించి నూరి చూడు, ముక్కులోకి ఎక్కుతుంది. కూర దింపి చల్లారాక కలపాలి, వేడి మీద కలిపితే ఆ ఘాటు చచ్చిపోతుంది.

ఎంవీపీ మాస్టారు
పిన్నిగారు చెప్పిన దానికి కారణం ఉంది. ఆవగింజలో ఘాటు తయారుగా ఉండదు. గింజ నలిగి తడి తగిలితే లోపల విడివిడిగా ఉన్న రెండు పదార్థాలు కలిసి అప్పుడు పుడుతుంది. అందులో ఒకటి ఎంజైము, వేడికి చెడిపోతుంది. వెల్లుల్లి కూడా అంతే, చితక్కొడితేనే ఆ వాసన. మిక్సీ బ్లేడు కోస్తుంది, రోలు చితకగొడుతుంది, తేడా అక్కడే.

రోలు ఎంత పాతదంటే, ఇజ్రాయెల్‌లోని రాకెఫెత్ గుహలో సుమారు 13 వేల ఏళ్ల కిందటి రాతి రోళ్లు దొరికాయి, అంటే అక్కడ వ్యవసాయం మొదలవ్వక ముందువి. మన వైపు ఋగ్వేదం మొదటి మండలం 28వ సూక్తంలో సోమరసం తీసే రోలుని పిలిచి, ఇంటింటా నిన్ను వాడుతున్నా ఇక్కడ మాత్రం గెలిచినవాళ్ల భేరిలా మోగమని అడుగుతారు. సంస్కృతంలో రోలు ఉలూఖలం, రోకలి ముసలం. యాదవులు నాశనమైంది ఆ ముసలం వల్లే కదా, అందుకే ఇప్పటికీ ఇంట్లో గొడవ మొదలైతే ముసలం పుట్టిందంటాం.

కింది ఫ్లాట్ బాధితుడు
భేరి సంగతి మీకేం తెలుసు మాస్టారూ. మా పైన ఆదివారం పొద్దున్న ఏడింటికి మోగుతుంది. ఋగ్వేదం వాళ్లకి అపార్ట్‌మెంట్లు లేవు.

పెందుర్తి పిన్ని
రోలు వెళ్లి మద్దెలతో మొరపెట్టుకుందని సామెత. మా పైనవాళ్ల పిల్లాడు డ్రమ్ము నేర్చుకుంటున్నాడు బాబూ, నీదే నయం. రోలు కింద నాలుగు మడతల గోనెసంచి వేయమను, అడుగు కదలకుండా కూడా ఉంటుంది. గది మధ్యలో కాకుండా గోడ మూల పెడితే అదురు తక్కువ. వంటగట్టు మీద మాత్రం వద్దు, బండ చిట్లుతుంది.
ఇంకోటి, మనది సముద్రపు గాలి. కడిగిన రోలు బోర్లించి మూల పెడితే మూడోరోజుకి బూజు. బాల్కనీలో ఎండకి ఆరనివ్వాలి.

మధురవాడ కోడలు
వారం తర్వాత వచ్చాను, క్షమించాలి. రోలు అమ్మినతని దగ్గరికే వెళ్లి పొత్రం చూపించాను. మొదట ఒప్పుకోలేదు. నేను సంచిలోంచి మేకు తీసేసరికి నవ్వి, కొంచెం డబ్బు కట్టించుకుని నల్లది ఇచ్చాడు. ఖంగున మోగింది. నాలుగో వాయికి పిండి తెల్లగా వచ్చింది.
మా అత్తగారు ముందే దిగారు. చిమ్మిలి చిటికెడు నోట్లో వేసుకుని, బెల్లం కాస్త తక్కువైందన్నారు. ఇసుక మాట ఎత్తలేదు! గోనెసంచి కూడా వేశాను.
ఒక్క సందేహం: వచ్చే నెల మా మరిది పెళ్లికి పసుపు కొట్టాలి. ఇందులో కొట్టొచ్చా?

పెందుర్తి పిన్ని
వద్దమ్మా. దానికి పెద్ద రోలు, అడుగున ఇనప పొన్ను ఉన్న చెక్క రోకలి కావాలి. ఈ చిన్న రోట్లో కొమ్ములు ఎగిరి కళ్లలో పడతాయి. పైగా పసుపు రంగు దిగితే నీ కొబ్బరి పచ్చడి ఏడాదంతా పచ్చగానే వస్తుంది. బొబ్బిల్లో మీ అత్తగారింట పెద్దది ఉంటుంది, అడుగు.