మ్యాపింగ్ పనికి ఓపెన్ సోర్స్‌కి మారితే డబ్బు మిగలడం కాక ఇంకేం లాభం?

నేలగీత:

అందరికీ నమస్కారం. మాది చిన్న టీమ్. భూవినియోగ మ్యాపులు, వాగుల పరీవాహక ప్రాంతాల విశ్లేషణ, ఫీల్డ్ నుంచి వచ్చిన సర్వే పాయింట్లు శుభ్రం చేసి లేయర్లుగా పెట్టడం, ఇదీ మా పని. ఇన్నేళ్లూ ఒక కమర్షియల్ జీఐఎస్ (మ్యాపులు, స్థల సమాచారంతో పనిచేసే సాఫ్ట్‌వేర్) ప్యాకేజీ మీదే నడిచింది. సీట్లు (లైసెన్సులు) తక్కువ, మనుషులు ఎక్కువ, ఒకరు తెరిచి పెట్టుకుని మీటింగ్‌కి వెళ్తే ఇంకొకరు చేతులు కట్టుకుని కూర్చోవాల్సిందే. రెన్యువల్ దగ్గరపడుతోంది కదా అని ఈసారి ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉండే) జీఐఎస్ అయిన క్యూజీఐఎస్‌కి మారదాం అన్నాను. మా మేనేజర్ గారు ఒకటే అడిగారు: "డబ్బు మిగలడం కాక ఇంకేం ఉందో చెప్పు, అదొక్కటే కారణమైతే వద్దు, కొత్తది నేర్చుకోవడానికి పట్టే టైమ్ కూడా డబ్బే కదా" అని. ఆ మాటలో న్యాయం ఉందనిపించింది.

నిజంగా వాడుతున్నవాళ్లు చెప్పండి. పని నాణ్యతలో తేడా వస్తుందా? ఎక్కడైనా ఇరుక్కుంటే ఎవరిని అడగాలి? రేపు ఆ ప్రాజెక్టు నడిపేవాళ్లు మానేస్తే మన గతేంటి? పాత ఫైళ్ల సంగతి కూడా టెన్షన్‌గానే ఉంది.

గట్టురేఖ:

మీ మేనేజర్ గారు సరైన ప్రశ్నే వేశారు. నేనైతే డబ్బు మాట చివర్లో ఎత్తుతాను. అన్నిటికంటే ముందు చెప్పాల్సింది ఏమిటంటే, మీరు రిపోర్టులో రాసిన అంకె ఎలా వచ్చిందని ఎవరైనా నిలదీస్తే మొదటి నుంచి చివరిదాకా విప్పి చూపించగలరు.

ఒక చెరువు పాలిగాన్ (హద్దు గీసిన ఆకారం) వైశాల్యం కావాలనుకోండి. క్యూజీఐఎస్ ఫీల్డ్ కాలిక్యులేటర్‌లో డాలర్ గుర్తుతో మొదలయ్యే ఏరియా వాడితే ఒక అంకె, మామూలు ఏరియా ఫంక్షన్‌కి జామెట్రీ (ఆ ఆకారం) ఇస్తే ఇంకో అంకె వస్తాయి. మొదటిది ప్రాజెక్టులో పెట్టిన ఎలిప్సాయిడ్ (భూమి ఆకారానికి వాడే నమూనా) ప్రకారం భూమి వంపును కూడా లెక్కలోకి తీసుకుంటుంది. రెండోది లేయర్ ఏ సీఆర్ఎస్‌లో (కోఆర్డినేట్ల పద్ధతిలో) ఉందో ఆ బల్లపరుపు తలం మీదే కొలుస్తుంది. లేయర్ సరైన యూటీఎం జోన్‌లో (భూమిని నిలువు పట్టీలుగా విడదీసి మీటర్లలో కొలిచే పద్ధతి) ఉంటే తేడా చాలా స్వల్పం. అదే లేయర్ 3857లో, అంటే ఆన్‌లైన్ మ్యాపులు వాడే వెబ్ మెర్కేటర్‌లో ఉంటే, 60 డిగ్రీల అక్షాంశం దగ్గర రెండో అంకె అసలు వైశాల్యానికి దాదాపు నాలుగు రెట్లు వస్తుంది. 4326లో, అంటే అక్షాంశ రేఖాంశాల డిగ్రీల్లో, ఉంటే చదరపు డిగ్రీల్లో వస్తుంది, దాన్ని ఎవరూ ఏమీ చేసుకోలేరు. ఏది ఎందుకు వచ్చిందో డాక్యుమెంటేషన్‌లో ఉంది, అది చాలకపోతే ఆ లెక్క కట్టే కోడే మీ ముందుంది. మీ టీమ్‌లో కోడ్ చదివేవాళ్లు లేకపోయినా ఫరవాలేదు, బయట చదివేవాళ్లు ఉన్నారు, తప్పు కనిపిస్తే అందరికీ కనిపించేలా టికెట్ వేస్తారు, దాని కింద జరిగిన వాదనంతా మీరూ చదువుకోవచ్చు.

పరీవాహక ప్రాంతాల పని అన్నారు కాబట్టి ఇదీ చెప్పాలి. చాలా టూల్స్ ముందు డీఈఎంలో (నేల ఎత్తుల గ్రిడ్‌లో) గుంటలు పూడ్చి, తర్వాత నీటి దారి గీస్తాయి. గ్రాస్ అనే ఓపెన్ సోర్స్ జీఐఎస్‌లోని ఆర్.వాటర్‌షెడ్ టూల్ అలా పూడ్చదు, తక్కువ ఖర్చుతో బయటపడే దారి వెతుక్కుంటూ గుంటల్ని దాటిస్తుంది, పైగా ఒక సెల్ (గ్రిడ్ గడి) నుంచి నీరు ఒక్క వైపే కాకుండా పక్కనున్న చాలా సెల్స్‌కి పంచుకుపోయే పద్ధతినే డిఫాల్ట్‌గా వాడుతుంది, ఒక్క దిక్కే కావాలంటే దానికి వేరే ఫ్లాగ్ (ఆప్షన్) ఉంది. చదును నేల మీద ఈ రెండు పద్ధతులకీ వాగు గీత ఒకే చోట రాదు. రెండు సాఫ్ట్‌వేర్‌ల ఫలితాలు పక్కపక్కన పెట్టి ఏది తప్పు అని జుట్టు పీక్కునే కంటే, ఏది ఏ పద్ధతిలో గీసిందో చదివి మన నేలకి ఏది నప్పుతుందో ఎంచుకోవడం మేలు. పని నాణ్యతలో తేడా ఏదని అడిగారు కదా, నా దృష్టిలో అసలైన తేడా ఇదే.

టైల్‌పేర్చు:

పైన చెప్పినదంతా ఒప్పుకుంటాను. నడిపేవాళ్లు మానేస్తే ఏమిటన్న దాని గురించి నేను చెప్తాను, ఎందుకంటే చాలామంది ఈ భయాన్ని తలకిందులుగా చూస్తారు.

ఈ రంగంలో పునాది రాళ్లు చాలా పాతవి. గ్రాస్ 1980లలో అమెరికా సైన్యానికి చెందిన ఒక ఇంజనీరింగ్ పరిశోధన ల్యాబ్‌లో మొదలైంది. తర్వాత ఆ ల్యాబ్ దాన్ని వదిలేసింది, అయినా అది ఆగలేదు, యూనివర్సిటీల వాళ్లు ఎత్తుకున్నారు, 1999లో జీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్సు కిందికి వచ్చింది, ఇవాళ్టికీ కొత్త వెర్షన్లు వస్తూనే ఉన్నాయి. రకరకాల మ్యాప్ ఫైళ్లు చదివి రాసే లైబ్రరీ జీడాల్‌ని ఫ్రాంక్ వార్మర్‌డామ్ 1998లో మొదలుపెట్టారు, మ్యాప్ డేటాని డేటాబేస్ సర్వర్‌లో ఉంచే పోస్ట్‌జీఐఎస్ 2001లో వచ్చింది, క్యూజీఐఎస్‌ని గ్యారీ షెర్మన్ 2002లో మొదలుపెట్టారు. 2006 నుంచి ఓఎస్‌జియో అనే ఫౌండేషన్ వీటిలో చాలావాటికి గొడుగు పడుతోంది. ఇంకో సంగతి, మీరు ఇప్పుడు వాడుతున్న కమర్షియల్ ప్యాకేజీ ఫైళ్లు చదవడానికి లోపల జీడాల్‌నే వాడుతుండొచ్చు, దాని లైసెన్సు నోటీసుల పేజీ ఒకసారి తెరిచి చూడండి.

లైసెన్సు మారినప్పుడు ఏమవుతుందో 2020 డిసెంబర్‌లో అందరం చూశాం. మ్యాప్‌బాక్స్ కంపెనీ తన వెబ్ మ్యాపుల లైబ్రరీ జీఎల్ జేఎస్ రెండో వెర్షన్‌తో ఓపెన్ లైసెన్సు వదిలేసింది. అది వాళ్ల ఇష్టం, వాళ్ల వ్యాపారం. కానీ మొదటి వెర్షన్ కోడ్ అప్పటికే ఓపెన్‌గా ఉంది కాబట్టి కమ్యూనిటీ దాన్ని తీసుకుని మ్యాప్‌లిబ్రే అని కొనసాగించింది. దాని మీద వెబ్ మ్యాపులు కట్టుకున్నవాళ్లు లైబ్రరీ పేరు, కొన్ని లైన్లు మార్చుకుని పని సాగించారు. మూసి ఉన్న సాఫ్ట్‌వేర్‌లో కంపెనీ ఒక ఉత్పత్తి ఆపేసిందంటే అక్కడితో సరి, మీ చేతిలో ఏమీ ఉండదు. మీరు ఎక్కువ భయపడాల్సింది ఆ వైపు.

ఫైళ్ల గురించి. షేప్‌ఫైల్ (పాత మ్యాప్ డేటా ఫార్మాట్) నుంచి బయటపడటానికి ఇదే మంచి సందర్భం. ఫీల్డ్ పేరుకి 10 అక్షరాలు, ఫైల్‌కి 2 జీబీ, ఒక్క లేయర్‌కి నాలుగైదు ఫైళ్లు, అందులో పీఆర్‌జే ఫైల్ మెయిల్‌లో రాకపోతే ఆ డేటా ఏ సీఆర్ఎస్‌లో ఉందో ఊహించుకోవాలి. దాని బదులు వాడగల జియోప్యాకేజ్ ఓజీసీ (జియో డేటా ప్రమాణాల సంస్థ) ప్రమాణం, 2014 నుంచి ఉంది, లోపల ఉన్నది ఎస్‌క్యూలైట్ డేటాబేస్, అన్ని లేయర్లూ స్టైల్స్‌తో సహా ఒకే ఫైల్‌లో పడతాయి, ఏ జీఐఎస్ లేకపోయినా ఎస్‌క్యూలైట్ తెరవగల ఏ టూల్‌తోనైనా అట్రిబ్యూట్లు (టేబుల్‌లోని వివరాలు) చదవొచ్చు. ఫైల్ జియోడేటాబేస్ అనే కమర్షియల్ ఫార్మాట్‌లో ఉన్న పాత డేటాని జీడాల్ ఎప్పటి నుంచో చదువుతుంది, 2022 చివర్లో వచ్చిన 3.6 వెర్షన్ నుంచి రాస్తుంది కూడా. కాబట్టి డేటా పోదు. మ్యాప్ ప్రాజెక్టు ఫైళ్లు, అంటే సింబాలజీ (రంగులు, గుర్తులు), లేఅవుట్లు మాత్రం నేరుగా తెరుచుకోవు. వాటిని మార్చడానికి ఎస్‌ఎల్‌వైఆర్ అనే ప్లగిన్ ఉంది, అయినా ముఖ్యమైన టెంప్లేట్లు కొత్తగా చేసుకోవడమే మంచిదని నా అభిప్రాయం.

సర్వేరాయి:

ఇది దాచకుండా చెప్పాలి, లేకపోతే మీ మేనేజర్ దగ్గర ఆర్నెల్ల తర్వాత మాట పడేది మీరే. అన్ని చోట్లా ఓపెన్ సోర్సే మెరుగు అనొద్దు. స్టీరియోలో (జంట ఫోటోల్లో లోతు చూస్తూ) ఫీచర్లు గీయడం, పెద్ద ఎత్తున భూకమతాల రికార్డుల నిర్వహణ లాంటి పనులకి కమర్షియల్ టూల్స్‌లో ఉన్న సౌకర్యం ఇక్కడ అంతగా లేదు. మీరు చెప్పిన పనుల లిస్టులో అలాంటివేమీ లేవు కాబట్టి మీకు ఇబ్బంది రాదు. ప్లగిన్ల విషయంలో జాగ్రత్త, కొన్ని ఎంతో శ్రద్ధగా నడుస్తాయి, కొన్నిటిని రాసినవాళ్లు వదిలేసి చాలాకాలమై ఉంటుంది. రోజువారీ పని అంతా ఒకే ప్లగిన్ మీద వేలాడదీయొద్దు.

సపోర్ట్ ఎవరు అంటే, రెండు దారులు. ఒకటి కమ్యూనిటీ. మెయిలింగ్ లిస్టులో, ప్రశ్నలు జవాబుల సైట్లలో చాలాసార్లు ఆ ఫంక్షన్ రాసిన మనిషే జవాబిస్తారు, ఇది ఏ టోల్ ఫ్రీ నంబర్‌లోనూ దొరకదు, కానీ రేపు పొద్దున్నకల్లా జవాబు వస్తుందని హామీ కూడా ఉండదు. హామీ కావాలంటే రెండో దారి, డబ్బులిచ్చి సపోర్ట్ తీసుకోవడం. క్యూజీఐఎస్ డెవలపర్లు పనిచేసే కంపెనీలు చాలానే ఉన్నాయి, మీకు కావాల్సిన ఫీచర్ రాయించుకోవచ్చు, అది అసలు క్యూజీఐఎస్‌లోనే కలిస్తే అందరికీ అందుతుంది.

అందుకే ఫ్రీ అన్న మాట నాకు నచ్చదు. ఎవరో ఎక్కడో రాత్రుళ్లు కూర్చుని రాస్తేనే ఇది మన దాకా వచ్చింది. ప్రపంచమంతా వాడే జీడాల్ చాలా ఏళ్లు ముఖ్యంగా ఒకరిద్దరి భుజాల మీదే నడిచింది, 2021లో స్పాన్సర్‌షిప్ కార్యక్రమం పెట్టాక పెద్ద కంపెనీలు డబ్బు వేయడంతో కొంత ఊపిరి పీల్చుకుంది. మిగిలే లైసెన్సు డబ్బులో కొంత మీ వాళ్ల శిక్షణకి, కొంత క్యూజీఐఎస్‌కి విరాళంగా పెట్టమని మేనేజర్‌ని అడగండి. కోడ్ రానివాళ్లు కూడా చేయగలిగింది చాలా ఉంది, బగ్ కనిపిస్తే దాన్ని మళ్లీ తెప్పించగలిగే చిన్న డేటాతో టికెట్ వేయడం, మెనూలు, డాక్యుమెంటేషన్ అనువదించడం లాంటివి. ఇచ్చినవాళ్ల మాటకి అక్కడ విలువ ఉంటుంది, నేను కళ్లారా చూశాను.

నేలగీత:

చాలా థాంక్స్ అండీ అందరికీ. గట్టురేఖ గారు చెప్పిన వాటర్‌షెడ్ విషయం మాకు నేరుగా పనికొచ్చేది, అది మేనేజర్ గారికి మా సొంత డీఈఎం మీదే చేసి చూపిస్తాను. ఇంకొక్క ప్రశ్న. మాలో నలుగురైదుగురు ఒకే లేయర్‌ని ఒకే రోజు ఎడిట్ చేస్తారు, సగంమంది ఫీల్డ్‌లో ఉంటారు. జియోప్యాకేజ్ షేర్డ్ డ్రైవ్‌లో పెడితే సరిపోతుందా?

గట్టురేఖ:

వద్దండీ, అది మాత్రం చేయకండి. జియోప్యాకేజ్ లోపల ఎస్‌క్యూలైట్ కాబట్టి రాసేటప్పుడు ఫైల్‌కి తాళం వేస్తుంది, నెట్‌వర్క్ డ్రైవ్ మీద ఆ తాళాలు సరిగ్గా పనిచేయవు, ఇద్దరు ఒకేసారి సేవ్ కొడితే ఎర్రర్ రావడమో, ఖర్మ కాలితే ఫైలే పాడవడమో జరుగుతుంది. ఒక్కరు పని చేసుకునే చోట, లేదా ఇంకొకరికి పంపేటప్పుడు జియోప్యాకేజ్ వాడండి. నలుగురు కలిసి ఎడిట్ చేసేది పోస్ట్‌జీఐఎస్‌లో పెట్టండి. ఎవరికి చదివే హక్కు, ఎవరికి మార్చే హక్కు అన్నది అక్కడే చెప్పొచ్చు, పాలిగాన్ తనను తానే కోసుకుంటుంటే టేబుల్‌లోకి రానివ్వకుండా షరతు పెట్టొచ్చు. జామెట్రీ కాలమ్ మీద స్పేషియల్ ఇండెక్స్ (వెతుకులాట వేగంగా చేసే సూచీ) వేయడం మర్చిపోవద్దు, వాగుకి 500 మీటర్ల లోపు ఉన్న బావులు లాంటి ప్రశ్నలకి బఫర్ గీసి కోయకుండా ఎస్‌టీ_డీవితిన్ ఫంక్షన్ వాడండి, అది ఇండెక్స్‌ని ఉపయోగించుకుంటుంది. కొలత మీటర్లలో రావాలంటే లేయర్ యూటీఎంలో ఉండాలి, లేదా జాగ్రఫీ టైప్‌లో (భూగోళం మీదే కొలిచే రకం).

ఫీల్డ్‌లో ఉన్నవాళ్లకి క్యూఫీల్డ్ యాప్ పెట్టండి. మీరు క్యూజీఐఎస్‌లో చేసిన ఫారాలు, స్టైల్స్ అలాగే ఫోన్‌లోకి వస్తాయి, సిగ్నల్ లేకపోయినా పాయింట్లు ఎక్కించుకోవచ్చు, ఆఫీసుకి వచ్చాక కలుపుకోవచ్చు.

అందరి మెషీన్లలో ఒకే ఎల్‌టీఆర్ (దీర్ఘకాలం మద్దతు ఉండే) వెర్షన్ వేయించండి. ఒకరు సరికొత్తది, ఒకరు రెండేళ్ల కిందటిది వాడితే ప్రాజెక్టు ఫైల్ అటూ ఇటూ తిరిగేటప్పుడు కొన్ని సెట్టింగులు మాయమవుతాయి. పాత ప్యాకేజీని ఒక్కసారిగా తీసేయకండి, ఒక సీటు ఉంచుకుని, ఒక పూర్తయిన ప్రాజెక్టుని మళ్లీ కొత్త టూల్స్‌తో చేసి అంకెలు పోల్చండి. డేటమ్ (కోఆర్డినేట్లకి ఆధారమైన భూమి నమూనా) మార్పిడి దగ్గర మీటరో రెండు మీటర్లో పక్కకి జరిగినట్టు కనిపిస్తే ముందు ప్రాజ్ (కోఆర్డినేట్లు మార్చే లైబ్రరీ) ఏ ట్రాన్స్‌ఫర్మేషన్ ఎంచుకుందో చూడండి, క్యూజీఐఎస్ అది లిస్టులో చూపిస్తుంది, ఒక్కో దాని పక్కన ఎంత కచ్చితత్వమో కూడా రాసి ఉంటుంది.