సంఘటన, సంఘటితం, ఒక్కటవడం: కరపత్రంలో ఏది రాయాలి?

ప్రశ్న (బొమ్మనహళ్ళి, బెంగళూరు):
మా గార్మెంట్ ఆడవాళ్ళ కోసం కన్నడంలో వేసిన కరపత్రాన్ని నేను తెలుగులో రాశాను. అక్కడ 'సంఘటనె' (సంఘంగా కలవడం) అని ఉంటే 'సంఘటనలోనే మన బలం' అని దించేశాను. నిన్న గేటు దగ్గర పంచుతుంటే మదనపల్లి అక్క ఒకామె చదివి, "ఏమి సంఘటనమ్మా? ఎవరికన్నా ఏమన్నా అయ్యిందా?" అని కంగారుపడింది. నేను చదివింది కన్నడ బడిలో, తెలుగు రాయడం అమ్మ నేర్పింది. 'సంఘటితం' అని మారిస్తే సరిపోతుందా?

జవాబు:
అమ్మా, మీరు రాసింది పూర్తిగా తప్పు కాదు. సంస్కృత 'ఘట్' ధాతువుకు కలవడం, జరగడం రెండర్థాలూ ఉన్నాయి. కన్నడం, హిందీ మొదటిదాన్ని పట్టుకున్నాయి, మన వాడుక రెండోదాన్ని. కలవడం అనే అర్థం మనకు 'ఐక్య సంఘటన' (యునైటెడ్ ఫ్రంట్) అనే మాటలో మిగిలింది, కమ్యూనిస్టు పత్రికలు చదివినవాళ్ళకు అది అలవాటే. 'సంఘటితం'లో కలవడమే ఉంది. 'అసంఘటిత రంగ కార్మికులు' అంటాం కదా. కాకపోతే అది ఆ అక్క నోట పలికే మాట కాదు.

ఇంకో జవాబు:
'కూడగట్టు' మంచి తెలుగు, కానీ మద్దతు కూడగడతాం, ధైర్యం కూడగట్టుకుంటాం. మనుషుల్ని కూడగట్టడమంటే ఎవరో ఒకరు పూనుకుని చేసే పని. మీరు చదివేవాళ్ళనే పిలుస్తున్నారు, 'ఒక్కటవుదాం' అనండి. 'ఏకతాటి మీదకు వద్దాం' అన్నా బాగుంటుంది. అది తాటిచెట్టు కాదు, తాడు. నాడు, నాటి ఎలాగో తాడు, తాటి అలాగే.

అడిగినవారు:
సార్, మీ ఇద్దరికీ దండాలు. చదివాక 2016 ఏప్రిల్ గుర్తొచ్చింది. పీఎఫ్‌లో యజమాని వాటా 58 ఏళ్ళు నిండేదాకా తీసుకోకూడదన్న నిబంధన మీద వేలమందిమి హోసూరు రోడ్డు మీదకొచ్చాం. మా లైన్లోవాళ్ళను ఏ సంఘమూ పిలవలేదు. రెండో రోజుకే కేంద్రం దాన్ని వెనక్కి తీసుకుంది. అది ఒక్కటవడం. తర్వాత మా లైన్లో టార్గెట్ పెంచితే ఎవరమూ నోరు విప్పలేదు, ఎవరి తరఫున ఎవరు అడగాలో తెలియలేదు. సంఘటితం కాకపోవడం అంటే అదే. కరపత్రం పిలుస్తున్నది సంఘటితం కావడానికి, ఒక్క 'ఒక్కటవుదాం'తో ఆ అర్థం రాదు.

'ఒక్కటవుదాం, సంఘం పెట్టుకుందాం' అని రాశాను. ఆదివారం ఆ అక్కకు చదివి వినిపించాకే ప్రింటుకిస్తా.