గాలం వేయడం ఎప్పటి నుంచి స్పోర్ట్ అయింది? మీ అనుభవాలు చెప్పండి

రేవుగట్టు
డాలస్ వచ్చి ఏడాది దాటింది. సోమవారం పొద్దున మా ఆఫీసులో కాఫీ దగ్గర చేపల కబుర్లే. ఎవరు ఏ లేక్‌కి వెళ్లారు, ఎన్ని పౌన్ల బాస్ చేప పడింది, ఏ రంగు లూర్‌కి, అదే ఉత్తుత్తి ఎరకి, పడింది. మా టీమ్‌లో ఒకాయనకు సొంత బోటు ఉంది. దాని ఖరీదు చెబితే కొత్త కారు గురించి చెబుతున్నాడనుకున్నాను. మొన్న శనివారం నన్నూ లూయిస్‌విల్ లేక్‌కి తీసుకెళ్లాడు. చీకటితో లేచి, ఎండెక్కేదాకా విసిరి విసిరి, చివరికి కిలోన్నర చేప పడితే ఫొటో తీసుకుని నీళ్లలో వదిలేశాడు! నాకు ప్రాణం ఉసూరుమంది. మా ఊళ్లో అయితే ఆ పూటకి పులుసు కాగేది.

తినని చేప కోసం ఇంత ఖర్చు, ఇంత హడావిడి ఎందుకు? ఇక్కడ రూల్స్ ఏంటి, మన దగ్గర ఎక్కడైనా ఇలా చేస్తారా? తెలిసినవాళ్లు చెప్పండి.

ఫోర్క్ బాబాయ్
ముందు ఒక మాట చెప్పు తమ్ముడూ, లైసెన్స్ తీసుకున్నావా? టెక్సాస్‌లో పదిహేడేళ్లు నిండిన ఎవరికైనా ఉండాల్సిందే. బోటు నీది కాకపోయినా, ఒక్కసారే విసిరినా సరే. ఈ రూల్స్ చూసే ఆఫీసర్, గేమ్ వార్డెన్, వచ్చేసరికి చేతిలో రాడ్ ఉంటే "ఊరికే చూడ్డానికి వచ్చా" అంటే వినడు. మామూలు ఏడాది లైసెన్స్ ఎప్పుడు కొన్నా ఆగస్టు 31తో అయిపోతుంది, జులైలో కొనేముందు ఆలోచించుకో. స్టేట్ పార్కులో గట్టు మీద నుంచి వేస్తే లైసెన్స్ అక్కర్లేదు. జూన్ మొదటి శనివారం రాష్ట్రమంతా ఉచితం.

ఇక వదిలేయడం సంగతి. లార్జ్‌మౌత్ బాస్ చాలా చోట్ల 14 అంగుళాలు ఉంటేనే ఇంటికి తీసుకెళ్లాలి, రోజుకి ఐదు దాటకూడదు. లేక్ ఫోర్క్‌లో ఇంకా గట్టి రూల్: 16కి 24కి మధ్య ఉన్న ప్రతి చేపనీ వదలాలి, 24 పైన ఉన్నది ఒక్కటే ఉంచుకోవచ్చు. అంటే కూరకి బాగుండే సైజంతా లేక్‌లోనే ఉండిపోవాలి. అలా ఉంచారు కాబట్టే పెద్దవి పెరిగాయి. 1992లో అక్కడే 18.18 పౌన్ల బాస్ పడింది, టెక్సాస్ రికార్డు ఇప్పటికీ అదే.

షేర్‌లంకర్ అని రాష్ట్రం 1986 నుంచి ఒక పథకం నడుపుతోంది. జనవరి నుంచి మార్చి లోపు 13 పౌన్లు, అంటే దాదాపు 6 కిలోలు, ఆ పైన ఉన్న బాస్ పడితే ఫోన్ కొట్టాలి. వాళ్లే వచ్చి తీసుకెళ్లి, హేచరీలో గుడ్లు పెట్టించి, మళ్లీ అదే లేక్‌లో వదులుతారు. ఆడపిల్లని పురిటికి పుట్టింటికి తీసుకెళ్లి మళ్లీ దింపినట్టు! పట్టినవాడి పేరు వెబ్‌సైట్‌లో ఉంటుంది. పులుసు కంటే ఆ పేరు మీదే మోజు వీళ్లకి.

కోనసీమ కాలవ
పేరు కోసం చేప నోట్లో గాలం గుచ్చడం అన్నమాట. బాగుందండీ.

మేమూ చిన్నప్పుడు వేశాం. వెదురు కర్ర, నైలాన్ దారం, దానికి జొన్న బెండు. పెరట్లో అరటి పాదు దగ్గర మట్టి తవ్వితే వానపాములు. బెండు రెండుసార్లు తలూపి మూడోసారి బుడుంగున మునిగిందంటే లాగడమే. జెల్లలు, గొరకలు పడేవి, ఎప్పుడైనా అదృష్టం బాగుంటే వాలుగ పిల్ల. పడింది పడ్డట్టు అమ్మకి ఇచ్చేసేవాళ్లం. సరదా లేదని కాదు, ఉండేది. కానీ తినే ఉద్దేశం లేకుండా చేపని ఏడిపించడం ఏం ఆటో నాకైతే ఎక్కలేదు.

ఫ్రాంక్‌ఫర్ట్ మనిషి
కోనసీమ గారూ, మీ వాదన జర్మనీలో చట్టమే. ఇక్కడ చేపకి నొప్పి కలిగించాలంటే సరైన కారణం ఉండాలి. తినడం కారణం అవుతుంది, ఫొటో అవ్వదు. పట్టి వదలడం కోసమే గాలం వేయడం తప్పు కిందే లెక్క. సైజు చాలనిదీ, ఆ కాలంలో పట్టకూడనిదీ మాత్రం వదిలి తీరాలి.

చాలా రాష్ట్రాల్లో గాలం ముట్టాలంటే పరీక్ష రాయాలి. నిజం పరీక్ష: చేప ఒంట్లో ఏ భాగం ఎక్కడ, ఏ చేప ఏ నెలలో గుడ్లు పెడుతుంది, నీళ్లలో ఆక్సిజన్ ఎప్పుడు తగ్గుతుంది, చట్టం ఏమంటుంది. అదీ జర్మన్‌లో. నా మాస్టర్స్ పరీక్షలకి కూడా అంత టెన్షన్ పడలేదు. పాసయ్యాక కార్డు, దానికి తోడు ఏ నీళ్లలో వేస్తామో అక్కడి పర్మిట్ విడిగా. వెంట చేతివల, కొలబద్ద, గాలం తీసే పరికరం, కత్తి, ఒక చిన్న దుడ్డుకర్ర ఉండాలి. కర్ర దేనికంటే, చేపని కోసేముందు తల మీద ఒక్క దెబ్బతో స్పృహ తప్పించాలి. గట్టు మీద గిలగిలా కొట్టుకుంటుంటే చూస్తూ కూర్చోవడం కుదరదు.

ఇన్ని తిప్పలున్నా ఆదివారం మైన్ నది గట్టు మీద కుర్చీలు వేసుకుని కూర్చున్నవాళ్లు ఎంతమందో!

రేవుగట్టు
ఇది నాకు కొత్త సంగతి. ఒక దేశంలో వదలకపోతే తప్పు, ఇంకో దేశంలో వదలడానికే పడితే తప్పు.

ఆరో ఎగ్జిట్ అమ్మ
మా అబ్బాయి హైస్కూల్ బాస్ టీమ్‌లో ఉన్నాడు. నవ్వకండి, జెర్సీలు కూడా ఉంటాయి. ఒక్కో బోటుకి ఇద్దరు పిల్లలు, ఒక పెద్దాయన కెప్టెన్. ఆయన బోటు చూసుకోవాలి తప్ప గాలం వేయకూడదు. మామూలు రోజు స్కూల్‌కి పది సార్లు లేపాలి వాణ్ణి. టోర్నమెంట్ రోజు నాలుగింటికే నన్ను లేపుతాడు.

బతికున్న చేపల్ని ఎలా తూస్తారో నాకూ మొదట అర్థం కాలేదు. బోటులోనే గాలి కొట్టే నీళ్ల తొట్టి ఉంటుంది. ఎండాకాలం ఆ నీళ్లు వేడెక్కకుండా ముందురోజు రాత్రి వాటర్ బాటిళ్లు మా ఫ్రీజర్‌లో గడ్డ కట్టించి పట్టుకెళ్తాడు. ఇడ్లీ పిండి డబ్బాకి చోటుండదు. అన్నిటికంటే పెద్ద ఐదు చేపల బరువే లెక్క. అందుకే ఆరోది పడితే తొట్టిలో ఉన్నవాటిలో చిన్నది ఏదో తూచి, దాన్ని వదిలేసి దీన్ని వేస్తారు. తూకం దగ్గర చేప చచ్చి ఉంటే బరువులో కోత పడుతుంది. మావాడు ఒకసారి ఔన్సుల తేడాతో స్థానం పోగొట్టుకుని వారం రోజులు మొహం ముడుచుకున్నాడు.

కొన్ని కాలేజీలు దీనికి స్కాలర్‌షిప్ కూడా ఇస్తాయట. మా అత్తగారికి ఫోన్‌లో చెబితే "చేపలు పట్టడానికి కాలేజీ ఎందుకే" అన్నారు.

ఫోర్క్ బాబాయ్
అమ్మా, మీ అత్తగారికి ఈ లెక్క కూడా చెప్పండి: బాస్‌మాస్టర్ క్లాసిక్ అనే పెద్ద బాస్ టోర్నమెంట్ గెలిస్తే 3 లక్షల డాలర్లు. మొదటిది 1971లో నెవాడా దగ్గర లేక్ మీడ్‌లో జరిగింది. రే స్కాట్ అనే ఇన్సూరెన్స్ సేల్స్‌మన్ ఈ టోర్నమెంట్లు మొదలుపెట్టాడు. చేపల్ని చంపుతున్నారని ఊళ్లవాళ్లు గొడవ చేస్తే, 1972 నుంచి బతికుండగానే తూచి వదలాలని పట్టుబట్టిందీ ఆయనే. ఇప్పుడు వదలకపోతే తోటివాళ్లే వింతగా చూస్తారు.

డబ్బు ఉన్నచోట దొంగలూ ఉంటారు. 2022లో క్లీవ్‌లాండ్ దగ్గర ఈరీ లేక్‌లో వాలై అనే చేపల టోర్నమెంట్‌లో మొదటి స్థానం వచ్చిన ఇద్దరు పట్టిన చేపలు చూడ్డానికి చిన్నవి, తూకంలో బరువు. అనుమానం వచ్చి అందరి ముందూ పొట్ట కోస్తే సీసం గుండ్లు, వేరే చేప ముక్కలు బయటపడ్డాయి. కేసయింది, నేరం ఒప్పుకున్నారు, కొద్దిరోజులు జైలు, బోటు జప్తు.

ఇంతమందికి ఈ పిచ్చి ఎలా పట్టిందంటే నా మటుకు కారణం ఒకటే, నీళ్లు అందుబాటులో ఉండటం. 1950 నుంచి ప్రతి రాడ్డు, రీలు, లూర్ మీద మామూలుగా 10 శాతం పన్ను తయారుచేసేవాళ్ల దగ్గరే తీసుకుంటున్నారు. అది రాష్ట్రాలకి పంచితే వాళ్లు చేప పిల్లలు వదలడం, బోటు దింపే రేవులు కట్టడం చేస్తారు. 2022 ప్రభుత్వ సర్వే ప్రకారం పదహారేళ్లు పైబడి గాలం వేసినవాళ్లు దాదాపు 4 కోట్లు.

కావేరి రాగిముద్ద
బెంగళూరులో ఉంటాను. మన దేశానికి ఈ ఆట కొత్తేం కాదు. 1946లో కబిని నదిలో గాలానికి పడ్డ మహసీర్ అనే నది చేప 120 పౌన్లు, 54 కిలోలు. అలాంటి చేప కోసం ప్రపంచం నలుమూలల నుంచీ కావేరికి వచ్చేవాళ్లు. భీమేశ్వరి, గాలిబోర్, దొడ్డమక్కళ్లి క్యాంపులు అందుకే పుట్టాయి. ఎర ఏంటో తెలుసా? రాగి ముద్ద. గట్టిగా ఉడికించి, మసాలా కలిపి, ఉండ చుట్టి పెద్ద గాలానికి గుచ్చేవాళ్లు. చేప పడ్డాక రాళ్ల మధ్యకి లాక్కుపోతే పుట్టి ఎక్కి దాని వెంట పోవడమే. పట్టిన ప్రతిదీ తూచి, పుస్తకంలో రాసి, వదిలేసేవాళ్లు.

ఆ చోట్లు అభయారణ్యంలో ఉన్నాయి. వన్యప్రాణి చట్టం కింద గాలం వేయడం కూడా వేటే అన్నారు, 2012 తర్వాత అక్కడ ఆపేశారు. దీని మీద ఇప్పటికీ వాదన నడుస్తుంది. ఒకప్పుడు డైనమైట్ పేల్చి చేపలు పట్టినవాళ్లే క్యాంపుల్లో గైడ్లుగా, కాపలాదారులుగా పనిచేశారు, క్యాంపులు పోతే ఆ కాపలా పోయింది అని గాలం వేసేవాళ్లు అంటారు. నాకు వాళ్ల మాటే సబబనిపిస్తుంది. 1998 నుంచి 2012 దాకా గాలిబోర్‌లో రాసిన ఆ లెక్కల వల్లే అసలు మూపురం మహసీర్ తగ్గిపోతోందని, బయటి నుంచి తెచ్చి వదిలిన నీలి రెక్కల రకం దాని చోటు ఆక్రమిస్తోందని పరిశోధకులకి తేలింది. 2018లో ఆ మూపురం చేప టోర్ రెమాదేవి అని నిర్ధారించారు. అదే ఏడాది అంతరించిపోయే ముప్పు అతి తీవ్రంగా ఉన్న జాబితాలో చేరింది.

చట్టప్రకారం వేయాలనుకుంటే హిమాచల్ వెళ్లండి. తీర్థన్ నదిలో ట్రౌట్‌కి ప్రభుత్వమే లైసెన్స్ ఇస్తుంది. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా మాత్రం బంద్.

మట్టమీను మహేంద్ర
హైదరాబాద్ నుంచి. అన్నా, ఇక్కడ రాడ్ కొనే ముందు చెరువు ఎవరిదో తెలుసుకోవాలె. చాలా చెరువుల్లో చేపల మీద హక్కు మత్స్య సహకార సంఘానిది. పిల్లల్ని వదిలేది వాళ్లు, దాని మీద బతికేది వాళ్లు. మనం ఆదివారం పూట ఖరీదైన రీలు పట్టుకుని పోయి "స్పోర్ట్" అంటే వాళ్లకి కాలుతది, న్యాయమే కదా. ముందే పోయి మాట్లాడితే కొందరు ఒప్పుకుంటారు. డబ్బు తీసుకుని వేయనిచ్చే ప్రైవేటు కుంటలు కూడా ఉన్నాయి. నేను పోయిన ఒకచోట శని, ఆదివారాలు మనుషులు ఎక్కువ, చేపలు తక్కువ. పైగా చేప పడినా పడకున్నా పైసలు వాపస్ లేవు.

అసలు మజా కొర్రమీనుదే. 2016 నుంచి మన రాష్ట్ర చేప అది. రబ్బరు కప్ప లూర్ ఉంటది, గాలం దాని పొట్ట కింద దాగి ఉంటది కాబట్టి తామరాకుల మీద నుంచి లాగినా చిక్కుకోదు. రెండు గెంతులు, ఆపు. మళ్లీ రెండు గెంతులు. ఆపినప్పుడే నీళ్లు ఫట్‌మని పేలతయ్. అప్పుడు గబుక్కున లాగొద్దు, ఒక క్షణం ఆగి దారం బిగిసినంక లాగాలె.

ఒక్క సంగతి మాత్రం పాటించండి. ఎర్రటి చిన్న పిల్లల గుంపు నీటి మీద బుడగలు వేస్తూ తిరుగుతుంటే కింద పెద్ద చేపలు కాపలా ఉన్నట్టు లెక్క. అక్కడ ఏది విసిరినా కోపంతో వచ్చి కరుస్తయ్. పెద్దవాటిని తీస్తే ఆ పిల్లల్ని పక్క చేపలు ఒక పూటలో తినేస్తయ్. మా గ్రూపులో అలా పట్టిన ఫొటో పెడితే ఎవరూ లైక్ కొట్టరు.

కోనసీమ కాలవ
మహేంద్ర గారూ, ఇది నాకు నచ్చింది. మా వైపు అలాంటి గుంపు కనిపిస్తే "తల్లి దొరికింది" అని సంబరపడి పట్టేవాళ్లే ఎక్కువ.

పోర్ట్ బ్లెయిర్ తెలుగోడు
మాది అండమాన్, తాత కాలంలో ఇక్కడికొచ్చాం. మా దగ్గర ఆట జెయింట్ ట్రెవల్లీతో, మీ పార చేపల జాతిలో అన్నిటికంటే పెద్దది. 20, 30 కిలోలది మామూలు. అరచేతి కంటే పెద్దదైన పాపర్ అనే లూర్‌ని పగడపు దిబ్బల అంచుకి విసిరి నీళ్లు చిమ్మేలా లాగాలి. రోజంతా అదే పని, భుజాలు పడిపోతాయి. కరిచిందా, మొదటి పది సెకన్లలో దాన్ని దిబ్బ వైపు పోనీకుండా ఆపాలి. లేకపోతే పగడాలకి దారం కోసుకుపోతుంది. విదేశాల నుంచి దీనికోసమే వస్తారు, మా కుర్రాళ్లు చాలామందికి బోటు మీద పని దొరికింది.

మూడు కొనల గాలాలు తీసేసి ఒంటి గాలం పెడతాం, వెనక్కి తిరిగిన ముల్లు కటింగ్ ప్లయర్‌తో నొక్కేస్తాం. చేప నోరు చీలదు, మన చేతికి గుచ్చుకున్నా సులువుగా వస్తుంది. ఆసుపత్రి చేరేసరికి రెండు గంటలు పట్టే చోట ఆ రెండోదే ముఖ్యం!

రేవుగట్టు
అందరికీ థాంక్స్. బాబాయ్, లైసెన్స్ కొనేశాను. మా పాపకి ఏడేళ్లు, తనూ వస్తానంటోంది. బోటు అడిగే మొహమాటం లేకుండా ఎక్కడికి తీసుకెళ్లను? వండుకోవడానికి రెండు చేపలు తెచ్చుకుంటే మా ఆఫీసువాళ్లు ఏమనుకుంటారో.

ఫోర్క్ బాబాయ్
ఏమీ అనుకోరు. బాస్ వదులుతారు గానీ క్యాట్‌ఫిష్ వాళ్లూ వేయించుకుని తింటారు. "నైబర్‌హుడ్ ఫిషిన్" అని ఊరి పార్కుల్లో చిన్న కుంటలున్నాయి. రాష్ట్రం వాళ్లే క్యాట్‌ఫిష్ తెచ్చి వదులుతారు, చలికాలం ట్రౌట్. అక్కడ మనిషికి రెండు రాడ్లు, ఐదు చేపలు, అంతే. పాపకి లైసెన్స్ అక్కర్లేదు. బటన్ నొక్కితే వదిలే స్పిన్‌కాస్ట్ రాడ్ కొను, సరుకుల షాపులోనే దొరుకుతుంది. చిన్న గాలం, పైన బెండు, ఎరకి హాట్‌డాగ్ ముక్క చాలు. చిన్నది పడితే పాప చేయి ముందు నీళ్లలో తడిపించి పట్టుకోమను, పొడి చేత్తో పడితే చేప ఒంటి మీద జిగురు పోతుంది. క్యాట్‌ఫిష్ రెక్కల దగ్గర ముళ్లుంటాయి, ఆ చేపల్ని మాత్రం నువ్వే పట్టు.

కోనసీమ కాలవ
క్యాట్‌ఫిష్‌కి పులుసులో చింతపండు కాస్త ఎక్కువ పడాలి, నీచు వాసన లాగేస్తుంది. పసుపు, ఉప్పు రాసి బాగా కడగండి.