టేక్ అంటే ప్రతిసారీ ‘తీసుకొను’ కాదు

ప్రశ్న

అందరికీ నమస్కారం. ఒక అనువాదాన్ని దిద్దుతున్నాను. నాలుగు పేజీల్లోనే ‘తీసుకొను’ ముప్పై సార్లకు పైగా వచ్చింది. ‘ఈ పని మూడు గంటలు తీసుకుంటుంది’, ‘కుడివైపు మలుపు తీసుకోండి’, ‘ఈ డబ్బా ఇరవై పుస్తకాలను తీసుకుంటుంది’, ‘అతను తన తండ్రిని తీసుకున్నాడు’. చివరి వాక్యం అర్థం కాక మూలం తెరిచాను. తండ్రి పోలిక వచ్చిందని చెప్పే టేక్ ఆఫ్టర్ అది! మిగిలిన చోట్ల కూడా అదే క్రియ, టేక్. ఒక్క క్రియకు ఇన్ని అర్థాలు ఎలా వచ్చాయి? తెలుగులో వాటిని విడదీసుకోవడానికి దారి ఏదైనా ఉందా?

జవాబు

దారి ఉందండీ. మీ మొదటి వాక్యంతోనే మొదలుపెడతాను.

‘మూడు గంటలు పడుతుంది’ అనాలి. ఈ ‘పడుతుంది’ని చాలామంది ‘పడు’ అనే క్రియగా లెక్కవేస్తారు. భూతకాలంలో పెట్టి చూడండి. ‘మూడు గంటలు పట్టింది’ అంటాం గానీ ‘మూడు గంటలు పడింది’ అనం. కాబట్టి ఇది ‘పట్టు’. మీ డబ్బా సంగతీ అంతే. ‘ఇందులో ఇరవై పుస్తకాలు పడతాయి’ అంటాం, సర్దిన తరువాత ‘ఇరవయ్యీ పట్టాయి’ అంటాం. పిడికిలితో చేసే పనిని తెచ్చి కాలానికీ చోటుకూ అన్వయించడం ఇంగ్లీషు టేక్‌తో చేసింది, తెలుగు పట్టుతో చేసింది. ఒకదాన్ని చూసి ఒకటి నేర్చుకున్నది కాదు.

నాకు ఇందులో ఎక్కువ నచ్చే సంగతి ఇంకొకటి ఉంది. ఇంగ్లీషులో టేక్ ఒక్కోసారి కర్మ లేకుండా నిలబడుతుంది. బట్టకు రంగు అంటితే ‘ది డై టుక్’ అంటారు. అంటు కట్టిన కొమ్మ అతుక్కుంటే దానికీ ‘టుక్’ అనే అంటారు. ఎవరు పట్టారు, దేన్ని పట్టారు అని అడిగితే జవాబు ఉండదు. తెలుగులో ఈ వాడుకకు కొరత లేదు. రంగు పట్టింది, తుప్పు పట్టింది, నిద్ర పట్టింది, చెమట పట్టింది. ‘నాకు నిద్ర పట్టలేదు’ అన్నప్పుడు పట్టవలసింది నేను కాదు, నిద్రే నన్ను పట్టాలి. మనిషి కర్త స్థానం వదిలి పక్కకు జరుగుతాడు. అనువాదకుడు ఇలాంటి చోట ‘తీసుకొను’ వాడితే మనిషిని బలవంతంగా మళ్ళీ కర్తను చేసినట్టే.

టేక్ పుట్టుక చూస్తే ఈ పోలిక ఇంకా బాగా తెలుస్తుంది. ఇది ఇంగ్లీషుకు సొంత మాట కాదు. స్కాండినేవియా నుంచి వచ్చి ఇంగ్లండులో స్థిరపడ్డ వైకింగుల నార్స్ భాషలోని ‘తాకా’ దీనికి మూలం. పట్టుకొను, చేత అందుకొను అని దాని అర్థం. దానికి బంధువైన క్రియ, అదే కుటుంబానికి చెంది ఎప్పుడో అంతరించిన గోతిక్ భాషలోని ‘తేకన్’కు తాకు అనే అర్థం. (మన ‘తాకు’తో దీనికి చుట్టరికం కట్టకండి, కేవలం ధ్వని కలిసింది. ఈ ఒక్క పోలికను పట్టుకుని రెండు భాషల కుటుంబాలను కలిపేసేవారు ఉన్నారు.) అంతకు ముందు ఇంగ్లీషువారు ఈ పనికి ‘నిమన్’ అనేవారు. జర్మన్‌లో దాని తోబుట్టువు ‘నేమెన్’ ఇప్పటికీ నిత్యం వాడుకలో ఉంది. ఇంగ్లీషులో మాత్రం తాకా వచ్చి నిమన్‌ను వెళ్ళగొట్టింది. ఒక భాష తన ఇంట్లోని ఇంత మామూలు క్రియను ఇరుగుపొరుగు మాటకు అప్పగించడం అరుదు. కానీ ఆ కలయిక ఎంత గాఢమైనదంటే ‘వారు’ అనే అర్థంలో దే, దెమ్ అనే సర్వనామాలు కూడా నార్స్ నుంచే వచ్చాయి.

నిమన్ పూర్తిగా పోలేదు. ‘నమ్’ అనే మాటలో దాక్కుని ఉంది. స్పర్శ తెలియకుండా మొద్దుబారడాన్ని నమ్ అంటారు కదా. అది నిమన్ భూతకాల విశేషణ రూపం నుంచి వచ్చింది, ‘పట్టబడినది’ అని అర్థం. చివర రాసే ‘బి’ అక్షరం తరువాతి కాలంలో వచ్చి చేరింది. కాలికి తిమ్మిరి పట్టింది అనే మాటను దీని పక్కన పెట్టి చూడండి.

ఇక ‘తీయు’, ‘తీసుకొను’ మధ్య తేడా. ఇంగ్లీషులో రెండింటికీ టేక్ సరిపోతుంది, మనకు సరిపోదు. ‘ముల్లు తీశాడు’ అంటే ఎవరి కాలిలోదో తీశాడు. ‘ముల్లు తీసుకున్నాడు’ అంటే తన కాలిలోది. ఆ ‘కొను’ చేరగానే పని చేసినవాడి వైపు తిరుగుతుంది. కాబట్టి మీ అనువాదంలో టేక్ కనిపించిన ప్రతిచోటా ముందు ఒక ప్రశ్న వేసుకోండి: ఇది ఎవరికి చేరుతోంది? కర్తకే చేరితే ‘తీసుకొను’ను పరిశీలించవచ్చు. ఎక్కడి నుంచో తొలగడమే ముఖ్యమైతే ‘తీయు’. మూత తీయి, కళ్ళజోడు తీయి. మనిషిని వచ్చి కమ్ముకునేదైతే ‘పట్టు’. ఈ మూడింటికీ లొంగనివి చాలా ఉన్నాయి, వాటికి ఏ పనికి ఆ మాటే. బస్సు ఎక్కుతాం, కుడివైపు తిరుగుతాం, స్నానం చేస్తాం, పరీక్ష రాస్తాం. కునుకు మాత్రం తీస్తాం. ఎందుకని అడిగితే నా దగ్గర సూత్రం లేదు.

ఫొటో గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ‘లెట్ అజ్ టేక్ ఎ ఫొటో’ అంటే కెమెరా పట్టుకున్నవాడు అన్నాడో ఎదురుగా నిలబడ్డవాడు అన్నాడో మాటలో తెలియదు. తెలుగులో ఒకరు ఫొటో తీస్తారు, ఇంకొకరు ఫొటో దిగుతారు. ‘దిగు’ అనే ఈ చక్కని వాడుకకు ఇంగ్లీషులో సమానమైన ఒక్క మాట లేదు. ‘అందరం కలిసి ఫొటో తీసుకుందాం’ అనడం ఇప్పుడు పెరిగింది. తప్పు అనను. కానీ ‘దిగుదాం’ మాయమైతే మనకు ఒక తేడా తగ్గిపోతుంది, ఆ తేడా ఇంగ్లీషు దగ్గర అప్పు దొరకదు.

మరొకరు

చాలా బాగా చెప్పారండీ. అయితే ‘తీసుకొను’ మీద కొంచెం కఠినంగా ఉన్నారు. ‘నిర్ణయం తీసుకున్నారు’ ఇంగ్లీషు నుంచి వచ్చిందని దాన్ని కొట్టేసి ‘నిర్ణయించారు’ అని దిద్దేవారిని చూశాను. కానీ ‘కఠినమైన నిర్ణయం తీసుకున్నారు’ను ఎలా దిద్దుతారు? ‘కఠినంగా నిర్ణయించారు’ అంటే అర్థం మారిపోతుంది. అక్కడ కఠినమైనది నిర్ణయం, ఇక్కడ కఠినమైనది మనుషుల తీరు. నామవాచకాన్ని విడిగా నిలబెడితేనే దానికి విశేషణం తగిలించగలం. మందుల చీటీ మీద ‘రోజుకు రెండుసార్లు తీసుకోండి’ అని ఉండడం కూడా నాకు సబబుగానే అనిపిస్తుంది. మాత్ర అయితే వేసుకుంటాం, ద్రవమైతే తాగుతాం, సూది మందు అయితే వేయించుకుంటాం. అన్నిటినీ కలిపి చెప్పవలసి వచ్చినప్పుడు ఏం రాయాలి?

ఇంకొక మాట. కొనడం అంటే ఇప్పుడు డబ్బిచ్చి కొనడమే. పూర్వం దానికి గ్రహించు, పట్టుకొను అనే అర్థాలు విరివిగా ఉండేవి. కైకొను, చేకొను, కొనిపోవు, అన్నీ ఆ అర్థమే.

జవాబు

రెండూ ఒప్పుకుంటాను. విశేషణం గురించి మీరు చెప్పింది నేను ఇంతవరకు ఇలా ఆలోచించలేదు. ‘నిర్ణయం తీసుకొను’ను ఇకనుంచి దిద్దను, విశేషణం లేనప్పుడు తప్ప. అక్కడ ‘నిర్ణయించారు’ పొట్టిగా, గట్టిగా ఉంటుంది. ఇంకో సంగతి గమనించారా? టేక్ ఎ డెసిషన్ అనడం బ్రిటన్ అలవాటు. అమెరికాలో దాదాపు ఎప్పుడూ ‘మేక్’ అంటారు. స్నానానికి వచ్చేసరికి తారుమారవుతుంది, అమెరికాలో టేక్, బ్రిటన్‌లో హ్యావ్. ఇలాంటి చోట్ల క్రియకు సొంత అర్థం దాదాపు అరిగిపోయి, బరువంతా పక్కనున్న నామవాచకమే మోస్తుంది. అలాంటి టేక్‌ను మాటకు మాటగా తెలుగులోకి తెచ్చే అవసరమే లేదు.

‘కొను’ విషయం ఎత్తినందుకు మీకు ప్రత్యేకంగా కృతజ్ఞతలు. ‘కష్టాలు కొనితెచ్చుకున్నాడు’ అన్నప్పుడు డబ్బిచ్చి కొన్నాడేమో అనుకుంటాం. అక్కడ ఉన్నది ఆ పాత కొను, ‘తీసుకుని తెచ్చుకున్నాడు’ అని. తమిళంలోని ‘కొళ్’, కన్నడంలోని ‘కొళ్ళు’ దీని తోబుట్టువులే. వాటిలోనూ గ్రహించడం, కొనడం పక్కపక్కనే ఉన్నాయి. మన ‘తీసుకొను’ లాగే తమిళంలో ‘ఎడుత్తుక్కొళ్’, కన్నడంలో ‘తెగెదుకొళ్ళు’ ఉన్నాయి. మూడు భాషలూ ఒకే రకంగా కట్టుకున్నాయి.

లాటిన్‌లో ‘ఎమెరె’ అనే క్రియ కూడా ముందు గ్రహించు అనే అర్థంలో ఉండి తరువాత కొనుగోలుకు పరిమితమైంది. ఎగ్జాంపుల్ అనే మాట అందులోంచే వచ్చింది, ‘బయటికి తీసినది’ అని. మన ‘ఉదాహరణ’లోని ధాతువు హృ, దానికీ తీసుకొనిపోవు అనే అర్థమే.

ఇప్పుడు చూడండి, ‘కొత్త ఫోను తీసుకున్నాను’ అంటున్నాం, కొన్నాను అనే అర్థంలో. కొను నడిచిన బాటలోనే ఇప్పుడు తీసుకొను నడుస్తోంది. ఇది ఇంగ్లీషు పుణ్యం కాదు, మన భాష పాత అలవాటు. అందుకే టేక్ నీడ ఎక్కడ పడిందో, తెలుగు తనంతట తాను ఎక్కడ కదిలిందో ఒక్కొక్క వాక్యం దగ్గరా ఆగి చూడాలి.

మొదట అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. ఈ జవాబులు పక్కన పెట్టుకుని మళ్ళీ దిద్దాను. ముప్పైకి పైగా ఉన్నవి తొమ్మిదికి వచ్చాయి. ‘తండ్రిని తీసుకున్నాడు’ ఇప్పుడు ‘అతనిది తండ్రి పోలిక’ అయింది, క్రియే అక్కరలేకపోయింది. ఒక్కటి మిగిలింది. ‘హి వాజ్ టేకెన్ అబ్యాక్’కు అనువాదకులు ‘అతను వెనక్కి తీసుకోబడ్డాడు’ అని రాశారు. దీన్ని ఏం చేయమంటారు?

జవాబు

అది తెరచాప ఓడల మాట. గాలి హఠాత్తుగా ఎదురు తిరిగి ముందు నుంచి కొడితే తెరచాపలు స్తంభానికి అతుక్కుపోయి ఓడ నడక ఆగిపోతుంది. ఓడ ‘టేకెన్ అబ్యాక్’ అయిందనేవారు. గాలి ఓడను పట్టేసింది, మళ్ళీ పట్టే! మనిషికి వాడినప్పుడు ‘నిర్ఘాంతపోయాడు’ సరిపోతుంది. ‘మ్రాన్పడిపోయాడు’ ఇంకా దగ్గర, అందులో కదలిక ఆగిపోవడం కూడా ఉంది. మీ కథ సముద్రం మీద నడుస్తుంటే మాత్రం చెప్పండి, అప్పుడు ఆ ఎదురుగాలిని కూడా వాక్యంలోకి తేవడానికి చూద్దాం.